ఈగిల్ వన్ వెనక నాలుగు పాల ట్యాంకర్లు

మా తమ్ముడి కూతురు ఈ మధ్యనే బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. చేరిన వారంలోనే వాళ్ళందరినీ ఒక రిసార్టుకు తీసుకుపోయి, కళ్ళకు గంతలు కట్టి, ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యేసి నడవమన్నారట. దానికి టీమ్‌వర్క్ శిక్షణ అని పేరు. "అత్తా, మీ రోజుల్లో ఇట్లాంటివి ఉండేవా?" అని ఫోన్లో అడిగింది. ఉండేవమ్మా అన్నాను. మాకు గంతలు కట్టలేదు గానీ నడిపించడం మాత్రం అట్లాగే నడిపించారు అన్నాను. పిల్ల నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేక ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలెవరైనా చదివితే కాసేపు నవ్వుకుంటారు. నవ్వు రాకపోతే కనీసం జాగ్రత్త పడతారు.

నేను పనిచేసింది ఒక ప్రైవేటు పాల డెయిరీలో. మదనపల్లె శివార్లలో పెద్ద ప్లాంటు. పుంగనూరులో, చౌడేపల్లెలో, పలమనేరులో, కుప్పంలో పాలు చల్లబరిచే కేంద్రాలు. పల్లెల నుంచి తెల్లవారుతూనే వచ్చే పాలను ఈ కేంద్రాల్లో పరీక్ష చేసి, చల్లబరిచి, ట్యాంకరు లారీల్లో నింపి మదనపల్లెకు పంపిస్తారు. ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పనితో చేరి, రిటైరయ్యేనాటికి పుంగనూరు కేంద్రానికి ఇన్‌ఛార్జినయ్యాను. నా సర్వీసంతా పాల వాసనతోనే గడిచింది. ఇప్పటికీ మా ఇంట్లో పాలు పొంగితే వాసన పట్టే ముందే నాకు తెలిసిపోతుంది.

ఈ పనిలో తెలుసుకోవాల్సింది ఒక్కటే. పాలు ఎవరికోసమూ ఆగవు. ట్యాంకరు గోడల్లో చలవ నిలిపే పొర ఉంటుంది గానీ, అది కొంతసేపే కాపాడుతుంది. ఎండలో నిలబెడితే పాలు విరుగుతాయి. మేనేజరు వచ్చాడని ఆగవు, ఛైర్మన్ వచ్చాడని ఆగవు. అందుకే మా దగ్గర ఏ బండి నిండితే ఆ బండి బయలుదేరేది. పక్క బండి ఎక్కడుందో ఎవరికీ పట్టేది కాదు, పట్టాల్సిన పనీ లేదు.

అప్పుడొచ్చాడు కొత్త మేనేజరు. మనిషి చెడ్డవాడని అనను. నవ్వుతూ పలకరించేవాడు, పండగలకు అందరికీ స్వీటు పంచేవాడు. కానీ అంతకు ముందు ఆయన తలనూనెలు అమ్మే కంపెనీలో పనిచేశాడు. తలనూనె ఎన్నాళ్ళు నిలవున్నా విరగదు. ఆయనతో మాకొచ్చిన చిక్కంతా అక్కడే ఉందని ఇప్పుడనిపిస్తుంది.

ఆయనకు శిక్షణలంటే ప్రాణం. చీమల నుంచి క్రమశిక్షణ నేర్పే ఆయన్ను ఒకసారి పిలిపించాడు. ఇంకోసారి ఒకాయన వచ్చి మా అందరిచేతా చప్పట్లు కొట్టించి, బిగ్గరగా నవ్వించి, నవ్వితే పాల సేకరణ పెరుగుతుందని చెప్పి వెళ్ళాడు. ఆ నెల ఎండలకు పశువులు పాలివ్వడం తగ్గించాయి. వాటికి ఆ శిక్షణ ఇప్పించలేదు కాబట్టి వాటి తప్పేమీ లేదు.

ఆ వరసలోనే పైలట్ వచ్చాడు.

ఆకాశంలో రెక్కకు రెక్క ఆనించినట్టు విమానాలు నడిపి విన్యాసాలు చేసే జట్లు ఉంటాయి చూడండి, అట్లాంటి జట్టులో పనిచేసి రిటైరైన అధికారి. ఇప్పుడు బెంగళూరులో ఉంటూ కంపెనీలకు ఉపన్యాసాలిస్తున్నాడు. తెల్లటి మీసాలు, నిటారుగా నడక. తెలుగువాడే గానీ ఊళ్ళు తిరిగీ తిరిగీ తెలుగు కొంచెం అరిగిపోయింది. మదనపల్లెలో ఒక కల్యాణ మండపంలో, ముందు రోజు పెళ్ళికి కట్టిన పూల తోరణాల కింద నిలబడి మాట్లాడాడు. డ్రైవర్లు, ల్యాబువాళ్ళు, గుమాస్తాలు అందరం హాజరు. మధ్యాహ్నం బిరియాని ఉందని ముందే చెప్పడం వల్ల హాజరు పూర్తిగా ఉంది.

ఆయన బాగా మాట్లాడాడు. ఇది ఎగతాళికి అనడం లేదు. తెర మీద విమానాలు చూపించినప్పుడు నోళ్ళు తెరుచుకుని చూశాం. ఫార్మేషన్‌లో ఉన్నప్పుడు తాను ముందుకు చూడనని, నేలను చూడనని, లీడర్ రెక్కను మాత్రమే చూస్తానని చెప్పాడు. దారి చూడాల్సిన పని లీడర్‌ది. తన ప్రాణం లీడర్ కళ్ళలో ఉంటుందన్నాడు. చౌడేపల్లె బండి డ్రైవరు లేచి, అంత దగ్గర దగ్గరగా పోతుంటే ఓవర్‌టేక్ ఎట్లా చేస్తారని అడిగాడు. పైలట్ నవ్వి, చెయ్యం అన్నాడు. కుప్పం బండి డ్రైవరు లేచి, లీడరు పొరపాటున కొండను కొడితే మిగిలినవాళ్ళ సంగతేమిటని అడిగాడు.

"అందరం కొడతాం" అన్నాడు పైలట్. నవ్వలేదు. "అందుకే లీడర్‌గా ఉండడం చాలా కష్టం."

ఇంకొక సంగతి చెప్పాడు. నేలకు దిగగానే అందరూ ఒక గదిలో కూర్చుంటారట. భుజాల మీది హోదాలు గది బయటే వదిలేస్తారట. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి, పక్కవాడి తప్పు చెప్పకూడదు. మొట్టమొదట చెప్పుకోవాల్సింది లీడర్. దానికి డీబ్రీఫ్ అని పేరు.

మా మేనేజరు అంతా రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తర్వాత వారంలో మాకు అర్థమైంది. లీడర్ దారి చూడాలన్నదీ, తప్పు మొదట లీడరే చెప్పుకోవాలన్నదీ తప్ప మిగిలినవన్నీ రాసుకున్నాడు.

ముందు జాకెట్లు వచ్చాయి. తోలులాగా మెరిసే నల్ల జాకెట్లు, భుజం మీద గద్ద బొమ్మ. నడి ఎండాకాలం. శీతల గదిలో పనిచేసే ఇద్దరు మాత్రం వాటిని చూసి సంబరపడ్డారు. మిగిలినవాళ్ళం మేనేజరు కనబడగానే తొడుక్కుని, కనబడకుండా పోగానే విప్పేవాళ్ళం. తర్వాత వాకీటాకీలు. వాటిలో ఒకరినొకరు పేర్లతో పిలవకూడదు. మేనేజరు ఈగిల్ వన్. నేను ఈగిల్ టూ. డ్రైవర్లకు డేగలూ గువ్వలూ అని ఏవో ఇచ్చాడు. ప్రతి మాట చివర 'ఓవర్' అనాలి. పలమనేరు డ్రైవరుకు అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో అన్నం చాలని చెప్పడానికి కూడా ఓవర్ అంటున్నాడని వాళ్ళావిడ నాతో చెప్పి తల కొట్టుకుంది.

ఇవన్నీ నవ్వి ఊరుకోగలిగిన సంగతులు. అసలు తంటా ఫార్మేషన్‌తో వచ్చింది. ఛైర్మన్ ప్లాంటు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, నాలుగు ట్యాంకర్లూ ఒకదాని వెనక ఒకటి, సమాన దూరంలో, తన జీపు వెనక మదనపల్లెలో ప్రవేశించాలని మేనేజరు తీర్మానించాడు. దాన్ని పెళ్ళిళ్ళకు వీడియో తీసే కుర్రాడు డ్రోన్‌తో పైనుంచి చిత్రీకరిస్తాడు. అందుకోసం బండ్లన్నీ పుంగనూరు దాటాక ఒకచోట చేరి, చివరి బండి వచ్చేదాకా ఆగాలి. పాలు నిలబెడితే పాడవుతాయని చెప్పాను. మీకు విజన్ లేదు మేడం అన్నాడు. నాకు ఉన్నది పాల ల్యాబు సర్టిఫికెట్టు మాత్రమే కాబట్టి ఒప్పుకున్నాను.

రిహార్సల్ రోజున డ్రైవర్లకు ఒకే ఒక నియమం పెట్టాడు. రోడ్డును చూడొద్దు, జీపును చూడండి. జీపు ఎక్కడ తిరిగితే అక్కడ తిరగండి. పైలట్ అదే కదా చెప్పింది అన్నాడు.

వరసలో ముందు జీపు, దాని వెనక పుంగనూరు బండి, తర్వాత కుప్పం బండి, తర్వాత పలమనేరు, చివర చౌడేపల్లె. కుప్పం డ్రైవరు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. యాభై దాటిన మనిషి. కాంట్రాక్టరు కింద ఏళ్ళ తరబడి అదే బండి నడుపుతున్నాడు. మాటల్లో సగం తమిళం, పావు కన్నడం, మిగిలింది తెలుగు. నాలుగింటిలో దూరం నుంచి వచ్చేది ఆయనే. బయలుదేరే ముందు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, చలవగా ఉందని నమ్మకం కుదిరాకే బండెక్కేవాడు. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూసేవాడు. తక్కిన ముగ్గురూ ఆయన్ను 'కుప్పమన్నా' అనేవాళ్ళు.

ఛైర్మన్ వచ్చే రోజు రానే వచ్చింది. పైలట్‌ను కూడా అతిథిగా పిలిచారు. తన పాఠం రోడ్డు మీద ఎట్లా అమలవుతోందో ఆయన చూడాలని మేనేజరు కోరిక.

నన్ను జీపు వెనక సీటులో కూర్చోమన్నాడు. ఈగిల్ టూను కదా. మేనేజరు తానే జీపు నడిపాడు. పుంగనూరు దాటి బండ్లన్నీ ఆగినచోట ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కుర్రాడి డ్రోన్ బ్యాటరీ ఎక్కేదాకా ఆగాం. తర్వాత ఛైర్మన్ టిఫిన్ ముగించారన్న ఫోను వచ్చేదాకా ఆగాం. కుప్పం డ్రైవరు మధ్యలో దిగి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను మేనేజరుకు చెప్పాను. ఆయన జాకెట్టు జిప్పు పైకి లాక్కుని, రెడీ ఫర్ టేకాఫ్ అన్నాడు.

బయలుదేరాక మాత్రం చూడముచ్చటగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. నాలుగు తెల్లటి ట్యాంకర్లు దూరం తప్పకుండా వస్తుంటే, రోడ్డు పక్క టమాటా తోటల్లో పనిచేసేవాళ్ళు నడుం ఎత్తి చూశారు. ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని ఒకాయన దండం కూడా పెట్టాడు. మేనేజరు దండం తీసుకున్నాడు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. మాటలను బట్టి అవతల ఆయన భార్య అని తెలిసింది. దారిలో ఒక పల్లెలో వాళ్ళ మేనత్త కొడుకు కొత్త ఇంట్లో చేరుతున్నాడు. ముహూర్తం అయిపోతోంది, ఇంత దూరం వచ్చి ముఖం చూపించకుండా పోతే తనకు పుట్టింట్లో తలవంపులు అని ఆమె గట్టిగానే చెబుతోంది. మేనేజరు రెండు నిమిషాలే అంటూ, ఫోను చెవి కింద ఇరికించుకుని, ఆ పల్లె అడ్డరోడ్డు రాగానే జీపును ఎడమకు తిప్పేశాడు.

"సార్, వెనక బండ్లు వస్తాండాయి" అన్నాను.

రెండు నిమిషాలు మేడం అని నాతోనూ అన్నాడు. వాకీటాకీ సీటు మీదే ఉంది. దాన్ని అందుకుని మాట్లాడబోయాను. ఏ మీట నొక్కాలో తెలుసుకునేలోపే వెనక నుంచి ఒక హారన్ ఆగకుండా మోగింది. తిరిగి చూస్తే పుంగనూరు బండి మా వెనకే మలుపు తిరుగుతోంది. కుప్పం బండి మాత్రం హారన్ మీద చెయ్యి తీయకుండా నేరుగా మదనపల్లె దారిన పోతోంది. పలమనేరు, చౌడేపల్లె బండ్లు అది ముందుకు పోగానే, నియమం తప్పకుండా ఎడమకు తిరిగి మా వెంట పడ్డాయి.

ఆ సందు ఎంత వెడల్పో చెబితే మీరు నమ్మరు. మా జీపుకే రెండు వైపులా గోడలు తగులుతున్నాయి. చివర షామియానా, దాని కింద బంతి భోజనాలు. జీపు ఆగింది, దాని వెనక పుంగనూరు బండి ఆగింది, దాని వెనక మిగిలిన రెండూ ఆగాయి. వాటి వెనక చుట్టాల కార్లూ ఆటోలూ వచ్చి ఆగాయి. ఇక ముందుకు లేదు, వెనక్కి లేదు. అల్లుడుగారు గృహప్రవేశానికి మూడు లారీల పాలు తెచ్చాడని పెళ్ళివారిలాగా అందరూ లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ ఏకంగా గంగాళం పట్టుకొచ్చింది. మేనేజరు నల్ల జాకెట్టులో చెమటలు కక్కుతూ, ఇవి మనవి కావత్తా అని చెప్పలేక, మనవే అని చెప్పుకోలేక పడిన అవస్థ చూసి, అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

ఆటోలు తీయించి, కార్ల వాళ్ళను బంతి మీద నుంచి లేపి, బండ్లను ఒకటొకటిగా వెనక్కి నడిపించి రోడ్డెక్కేసరికి నడినెత్తికి పొద్దొచ్చింది. ప్లాంటుకు చేరాక ల్యాబులో కొంచెం పాలు గాజు గొట్టంలో కాచి చూశారు. పుంగనూరు బండి పాలు విరిగాయి. పలమనేరువీ విరిగాయి. చౌడేపల్లెవీ విరిగాయి. నా కేంద్రంలో తెల్లవారకముందే క్యాన్లు మోసుకొచ్చి పోసినవాళ్ళ ముఖాలు నా కళ్ళ ముందు ఆడాయి. నవ్వంతా దిగిపోయింది. మంచిగా నిలిచింది కుప్పం పాలు మాత్రమే. మేము చేరేసరికి ఆ బండి పాలు దించేసి, కడిగి, నీడలో నిలబెట్టి ఉంది.

ఛైర్మన్‌కు ట్రాఫిక్ జామ్ అని చెప్పారు. పెద్దాయన సైకిలుకు క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ పాలు పోసి పైకొచ్చిన మనిషి. ఆ మాట నమ్మాడో లేదో తెలియదు గానీ, అయితే రేపు చూస్తాను అని గెస్ట్‌హౌసుకు వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం డీబ్రీఫ్ జరిగింది. పైలట్ కూడా ఉన్నాడు కాబట్టి జరపక తప్పలేదు. హోదాలు బయట వదిలేద్దామని మేనేజరు మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, ఆ గదిలో ఉన్న ఒకే ఒక మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. మేము ప్లాస్టిక్ కుర్చీల్లో, డ్రైవర్లు గోడ వారగా బెంచీ మీద.

ముందు ఎవరు మాట్లాడతారు అన్నాడు మేనేజరు. లీడరే మాట్లాడాలి అన్నాడు పైలట్. మేనేజరు పైకప్పు చూసి, నేల చూసి, చివరికి గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"నా తప్పు ఒక్కటే. నా టీమును అతిగా నమ్మాను."

పైలట్ మీసం మీద వేలు పెట్టుకుని డ్రైవర్ల వైపు తిరిగాడు. పుంగనూరు డ్రైవరు లేచాడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలన్న నియమం వాళ్ళు బాగా గుర్తు పెట్టుకున్నారు.

"నా తప్పేమంటే సార్, మీ జీపును సూసి తిరుక్కున్నాను."

పలమనేరు డ్రైవరు తనదీ అదే తప్పని చెప్పి, ఓవర్ అని కూర్చున్నాడు. చౌడేపల్లె డ్రైవరు తనవి రెండు తప్పులన్నాడు. ఒకటి తిరగడం. రెండోది, ఎట్లాగూ బండి కదలదని గృహప్రవేశం బంతిలో కూర్చుని భోంచేయడం. పాయసం మాత్రం బాగుందని చెప్పాడు. కుప్పం డ్రైవరు చివర లేచాడు.

"నేను రోడ్డును సూసినాను సార్. అదే నేను సేసిన తప్పు."

ఎందుకు చూశావని పైలట్ అడిగాడు. మందలింపుగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"పాలు యాడికి పోవల్లనో నాకు తెలుసు సార్. జీపు యాడికి పోవల్లనో నాకు తెలీదు."

పైలట్ మీసం మీది వేలు తీశాడు. లీడర్ తప్పు దారిలో పోతున్నాడని తెలిసినప్పుడు అరిచి చెప్పి, పక్కకు తప్పుకునేవాడు ప్రతి జట్టుకూ కావాలని, అట్లాంటివాడు ఒకడు ఉండబట్టే తాను ఈరోజు ఇక్కడ కూర్చున్నానని చెప్పాడు. మేనేజరు ఆ మాటను అక్కడికక్కడే పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాడు. పైలట్‌ను కారు దాకా సాగనంపి, చెయ్యి ఊపి, లోపలికి వచ్చి కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. కుప్పం డ్రైవరుకు టీమ్ స్పిరిట్ లేదు, రేపటి నుంచి వేరే మనిషిని పెట్టమన్నాడు.

నేను అడ్డు చెప్పాను. మంచి పాలు తెచ్చిన ఒక్కడినీ తీసేయడం ఏమిటి సార్ అన్నాను. అది పాలకు సంబంధించిన విషయం కాదు, క్రమశిక్షణకు సంబంధించిన విషయం అన్నాడు. ఛైర్మన్‌తో చెబుతానన్నాను. నిర్ణయం కాంట్రాక్టరుది, కంపెనీది కాదు కాబట్టి ఛైర్మన్‌కు దానితో సంబంధం లేదన్నాడు. ఆ కాంట్రాక్టరుకు తానే ఫోన్ చేసి ఇంకా అరగంట కాలేదు.

బయటికి వస్తే కుప్పం డ్రైవరు టీకొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. తక్కిన ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. కబురు అప్పటికే చేరింది.

"ఈ వయసులో నాకెవురు బండిస్తార్కా" అన్నాడు నన్ను చూసి. "లైసెన్సుండాది, కండ్లుండాయి. నెత్తిన తెల్లెంటికలు సూస్తానే యజమాని దూరం నుంచే సెయ్యి ఊపేస్తాడు. మా ఊర్లో నన్ను పాలబండాయన అంటారు. రేపటి నుంచి ఏమనల్లో వాళ్ళకే తెలీదు."

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. రేపు చూద్దాం అన్నాను. ఆ మాట ఎంత చేతకానిదో నాకే తెలుసు. ఆయన ట్యాంకరు తాళం పుంగనూరు డ్రైవరు చేతిలో పెట్టి, కుప్పం బస్సెక్కి పోయాడు. ముగ్గురూ బస్సు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.

మరునాడు మళ్ళీ ఫార్మేషన్. రాత్రికి రాత్రి కొత్త డ్రైవరు దొరకలేదు. కుప్పం పాలను ఆ పూటకు వేరే లారీలో క్యాన్లతో పంపే ఏర్పాటు చేశారు. మూడు బండ్లతోనే వరస. ఈసారి ఆలస్యం లేదు, మేనేజరు ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళావిడ కూడా ఆయనతో మాట్లాడ్డం మానేసిందని తర్వాత తెలిసింది.

బయలుదేరిన కాసేపటికి మేనేజరు అద్దంలోకి చూసి ముఖం చిట్లించాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. జీపు వెనక పుంగనూరు బండి ఉంది. దాని వెనక ఒక బండి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ వెనక పలమనేరు, దాని వెనక చౌడేపల్లె.

మేనేజరు వాకీటాకీ తీసుకుని, మధ్యలో గ్యాప్ వచ్చింది, దగ్గరికి రండి అన్నాడు. పలమనేరు డ్రైవరు ఓవర్ అన్నాడు. బండి దగ్గరికి రాలేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఓవర్ అన్నాడు. మూడోసారి కేకేశాడు. అప్పుడు పుంగనూరు డ్రైవరు గొంతు వినిపించింది.

"అది కుప్పమన్న జాగా సార్. అట్లనే ఉంటాది."

దారి పొడుగునా అట్లాగే వచ్చారు. మధ్యలో ఒక ఆటో ఆ ఖాళీలో దూరింది. పలమనేరు బండి నిదానించి, ఆటో ముందుకెళ్ళిపోయేదాకా ఆగి, మళ్ళీ అదే దూరం చూసుకుని వెనకే నిలిచింది. ఒక బస్సు దూరింది. దాన్నీ పోనిచ్చారు. ముగ్గురూ కాంట్రాక్టు మనుషులే. ముగ్గురి తాళాలూ సాయంత్రానికి మేనేజరు బల్ల మీదికి రావచ్చు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. నేను వెనక్కి తిరిగి ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. మెడ నొప్పి పుట్టినా ముందుకు తిరగాలనిపించలేదు.

ప్లాంటు గేటు దగ్గర ఛైర్మన్ నిలబడి ఉన్నాడు. డ్రోన్ బొమ్మ ఆయన చేతిలోని ఫోనులో కనబడుతోంది. బండ్లు ఆగాయి. ఆగినప్పుడు కూడా మధ్యలో ఆ ఖాళీ వదిలే ఆగాయి. అదేమిటని పెద్దాయన అడిగాడు. సేఫ్టీ డిస్టెన్స్ సార్ అన్నాడు మేనేజరు. మిగిలిన బండ్ల మధ్య అంత లేదే అని పెద్దాయన పుంగనూరు డ్రైవరును పిలిచాడు. ఆ కుర్రాడు దిగి, జాకెట్టు విప్పి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"ఆడ కుప్పం బండి ఉండల్ల సార్. నిన్న మంచి పాలు తెచ్చింది ఆ బండొకటే. అందుకని ఆయప్పను తీసేసినారు."

ఛైర్మన్ నన్ను చూశాడు. నిజమేనా అన్నాడు. నిజమే సార్ అన్నాను, మూడు బండ్ల పాలు ఎందుకు విరిగాయో గృహప్రవేశంతో సహా చెప్పాను. పెద్దాయన అంతా విని మేనేజరుతో ఒక్క మాటే అన్నాడు. "సాయంత్రం లోపల ఆ మనిషి బండెక్కల్ల." అని, లోపలికి పోయి, పాల రుచి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే కుప్పం డ్రైవరు తిరిగొచ్చాడు. పుంగనూరు కుర్రాడు తాళం ఇస్తూ, యాడికి పోయింటివన్నా అన్నాడంతే. ఆయన తాళం తీసుకుని, ఖాళీ ట్యాంకు మీదే ఒకసారి చెయ్యి ఆనించి చూసుకున్నాడు. అక్కడున్న ఎవరి కళ్ళూ పొడిగా లేవు. నావి అసలే లేవు.

మేనేజరుకు ఏమైందని మీరు అడుగుతారు. పైకి పోయాడు. ఆ డ్రోన్ వీడియోకు సంగీతం పెట్టించి, 'మా టీములో ప్రతి సభ్యుడికీ ఒక స్థానం ఉంది' అని రాయించి, హైదరాబాదు ఆఫీసుకు పంపాడు. వాళ్ళు మెచ్చుకుని శిక్షణ విభాగానికి అధిపతిని చేశారు. ఇప్పుడు ఆయన నాయకత్వం మీద ఉపన్యాసాలిస్తున్నాడు. మా తమ్ముడి కూతురు కళ్ళకు గంతలు కట్టించింది ఆయనే కావచ్చునని నా అనుమానం, ఆధారం మాత్రం లేదు. మేము జాకెట్లు శీతల గదివాళ్ళకు ఇచ్చేశాం. బండ్లు మళ్ళీ ఏది నిండితే అది బయలుదేరడం మొదలుపెట్టాయి.

కొన్నాళ్ళకు పైలట్ నాకు ఫోన్ చేశాడు. మేనేజరు గొప్పగా ఆయనకు కూడా ఆ వీడియో పంపాడట. మధ్యలో ఖాళీ ఉంచమని డ్రైవర్లకు ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. నేను గానీ ఆ రోజు ఉపన్యాసంలో చెప్పానా అన్నాడు. లేదు సార్, మీరు అట్లాంటిదేమీ చెప్పలేదు అన్నాను.

ఆయన నెమ్మదిగా చెప్పాడు. జట్టులో ఒకరు ఎగరడానికి పోయి తిరిగి రాకపోతే, వాళ్ళ పేరు మీద మిగిలినవాళ్ళు ఒకసారి ఎగురుతారట. వరసలో ఆ మనిషి చోటు ఖాళీగా వదిలేసి ఎగురుతారట. తాను అట్లా ఒక స్నేహితుడి పక్కన, అంటే అతని ఖాళీ పక్కన ఎగిరానని చెప్పాడు. ప్రతి ఉపన్యాసంలోనూ ఆ సంగతి చెప్పాలనుకుంటాడట, నోరు రాదట.

"మీవాడు తిరిగొచ్చాడా మేడం?" అని అడిగాడు.

"వచ్చినాడు సార్. ఇప్పుడే పాలు దించి కుప్పానికి బయలుదేరినాడు" అన్నాను.

మంచిది, మంచిది అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.